మయన్మార్‌లో అధికారం చేతులు మారితే భారత్ విదేశాంగ విధానం ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మయన్మార్ పేరు మన పత్రికల్లో ఎప్పుడో గానీ కనిపించదు. కనిపించినప్పుడల్లా మాత్రం అవే సందేహాలు తిరిగొస్తుంటాయి. ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూచీని జైల్లో పెట్టిన సైన్యంతో మన ప్రభుత్వం ఎందుకు మాట్లాడుతోంది? మిజోరం వచ్చినవాళ్ల గతేంటి? అక్కడ చిక్కుకున్న మన పిల్లల్ని తేవడానికి అంతకాలం ఎందుకు పడుతోంది? అలాంటి ప్రశ్నలన్నిటినీ కాలాన్ని బట్టి భాగాలు చేసి, ఒక్కోదానికి విడిగా జవాబు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## 1948 నుంచి 2010 వరకు

మయన్మార్‌లో ఎవరు పాలిస్తే మనకేంటి?

ఆ దేశంతో మనకు 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. అందులో అరుణాచల్ ప్రదేశ్‌ది 520, మిజోరంది 510, మణిపుర్‌ది 398, నాగాలాండ్‌ది 215 కిలోమీటర్లు. గీతకు అటూ ఇటూ ఉన్నది ఒకే జనం: నాగాలు, కుకీలు, చిన్‌లు, మిజోలు. కొన్ని ఊళ్లలో ఇల్లు ఇటు, పొలం అటు. నాగా, అస్సామీ, మణిపురి మిలిటెంట్ సంస్థలు దశాబ్దాలుగా అవతల సగైంగ్ అడవుల్లోనే శిబిరాలు నడిపాయి. ఆగ్నేయాసియాకు మనకున్న భూమార్గం కూడా అదొక్కటే. అందుకే అక్కడ అధికారం మారితే ఆ సెగ ఢిల్లీ కంటే ముందు ఐజ్వాల్‌కు, ఇంఫాల్‌కు తగులుతుంది.

నెహ్రూ రోజుల్లో బర్మాతో (మయన్మార్ పాత పేరు) మంచి స్నేహం ఉండేదంటారు, అది ఎక్కడ చెడింది?

1962 మార్చి 2న జనరల్ నె విన్ చేసిన సైనిక తిరుగుబాటుతో చెడింది. అంతకు ముందు ప్రధాని ఊ నూకూ నెహ్రూకూ మధ్య గాఢమైన చనువు ఉండేది. 1951లో స్నేహ ఒప్పందం కూడా కుదిరింది. నె విన్ వచ్చాక దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేశాడు. దాదాపు 3 లక్షల మంది భారతీయులు ఉన్నదంతా వదిలేసి రావలసి వచ్చింది. అయినా ఢిల్లీ పెద్దగా గొడవ పడలేదు, వాళ్లను తీసుకురావడానికి ఓడలు పంపింది. చైనా యుద్ధంలో దెబ్బతిని ఉన్న దేశం మరో పొరుగు దేశాన్ని దూరం చేసుకోవడానికి సిద్ధపడలేదు. 1967లో అదే నె విన్ ప్రభుత్వంతో సరిహద్దు ఒప్పందం చేసుకుంది. సరిహద్దు కోసం మిగతావన్నీ దిగమింగే అలవాటు అప్పుడే మొదలైందని నా అభిప్రాయం.

విశాఖలో బర్మా క్యాంపు, బర్మా కాలనీ అనే పేర్లు దీనివల్ల వచ్చినవేనా?

అవును. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లేవాళ్లు కనక తెలుగువాళ్లకు బర్మాలో 'కోరంగీలు' అన్న పేరే స్థిరపడింది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు రంగూన్ (ఇప్పటి యాంగూన్) రేవులో బరువులు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1930 మేలో తెలుగు రేవు కార్మికుల సమ్మె చివరికి బర్మీయులతో పెద్ద అల్లర్లకు దారితీసి చాలామంది ప్రాణాలు తీసింది. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు వేలమంది అడవుల గుండా నడిచి వచ్చారు. మిగిలినవాళ్లలో పెద్ద సంఖ్య 1962 తర్వాత వచ్చింది. వాళ్ల కోసం ఏర్పడ్డవే ఆ కాలనీలు. రాకుండా అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

1988లో ప్రజాస్వామ్య ఉద్యమానికి అండగా ఉన్న భారత్ తర్వాత సైన్యం వైపు ఎందుకు తిరిగింది?

ఈ మలుపు అర్థమైతే ఆ తర్వాతి 30 ఏళ్ల విధానం అర్థమవుతుంది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

1988 ఆగస్టు 8న బర్మా అంతటా జనం వీధుల్లోకి వచ్చారు. సైన్యం వేలమందిని చంపి, సెప్టెంబరు 18న నేరుగా అధికారం చేపట్టింది. అప్పుడు రాజీవ్ గాంధీ ప్రభుత్వం బాహాటంగా ఉద్యమకారుల పక్షాన నిలిచింది. మణిపుర్, మిజోరంలలో విద్యార్థులకు శిబిరాలు తెరిచింది. ఆకాశవాణి బర్మీస్ ప్రసారాలు సైన్యాన్ని విమర్శించాయి. 1990 ఎన్నికల్లో సూచీ పార్టీ 485 స్థానాల్లో 392 గెలిచినా సైన్యం అధికారం ఇవ్వలేదు.

ఈలోగా పశ్చిమ దేశాలు వెలివేసిన సైనిక ప్రభుత్వానికి చైనా ఆయుధాలిచ్చి దగ్గరైంది. ఈశాన్యంలో తిరుగుబాట్లు ముదిరాయి. వాటి శిబిరాలు బర్మా అడవుల్లో ఉన్నాయి. మాట కలపకపోతే వాటిని కదిలించే దారి లేదు. 1991లో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యాక లెక్క మారింది. 1993 మార్చిలో విదేశాంగ కార్యదర్శి జె.ఎన్. దీక్షిత్ రంగూన్ వెళ్లారు. 1994 జనవరిలో సరిహద్దు వాణిజ్య ఒప్పందం కుదిరింది. 1995లో మణిపుర్‌లోని మోరే నుంచి అవతలి తమూకు వాణిజ్య మార్గం తెరుచుకుంది. గమనించాల్సిన విషయం ఒకటుంది: 1988లో ఉద్యమకారులకు తలుపు తీసినప్పుడు విదేశాంగ మంత్రి కూడా పీవీయే. ఐదేళ్లలో రెండు విధానాలనూ నడిపింది ఆయనే. మనిషి మారలేదు, ఆయన ముందున్న పరిస్థితి మారింది.

అయినా ఢిల్లీ మనసు పూర్తిగా ఒకవైపు కుదురుకోలేదు. 1995లో మిజోరం సరిహద్దులో రెండు సైన్యాలూ కలిసి మిలిటెంట్లను వెంటాడుతున్న సమయంలోనే సూచీకి జవహర్‌లాల్ నెహ్రూ అవార్డు ప్రకటించారు. దాంతో బర్మా సైన్యం మధ్యలోనే తప్పుకుందని చెబుతారు.

పీవీ నిర్ణయం ఆ కాలానికి సబబేనని నేననుకుంటాను. సరిహద్దు పోస్టుల్లో ఉన్నది ఆ సైన్యమే కనక మాట్లాడాల్సింది దానితోనే.

సైనిక పాలకులతో స్నేహం చేసి మనం సాధించిందేమిటి?

కొంత సాధించాం. 2004లో జనరల్ థాన్ ష్వే ఢిల్లీ వచ్చారు, 2006లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం మయన్మార్ వెళ్లారు, 2008లో కాలాదాన్ రవాణా ప్రాజెక్టుకు ఒప్పందం కుదిరింది. 2019లో రెండు సైన్యాలూ సరిహద్దు శిబిరాల మీద కలిసి దాడులు చేశాయి. 2020 మేలో 22 మంది మిలిటెంట్లను మయన్మార్ మనకు అప్పగించింది.

ఆశించి పొందనివీ ఉన్నాయి. రఖైన్ తీరంలోని ష్వే గ్యాస్ క్షేత్రంలో ఓఎన్‌జీసీ విదేశ్‌కు, గెయిల్‌కు వాటాలున్నా, ఆ గ్యాస్ 2013 నుంచి పైపులైన్‌లో చైనాకు వెళ్తోంది. 2007 సెప్టెంబరులో బౌద్ధ భిక్షువుల మీద సైన్యం విరుచుకుపడుతున్న రోజుల్లోనే మన పెట్రోలియం మంత్రి అక్కడ ఒప్పందాల కోసం ఉన్నారు. ఆ దృశ్యం మయన్మార్ ప్రజల మనసులో మన గురించి ఏం ముద్ర వేసి ఉంటుందో ఆలోచించాలి.

## 2011 నుంచి 2020 వరకు

2011లో మయన్మార్ తెరుచుకున్నప్పుడు మనం అవకాశం అందుకున్నామా?

సగమే. థైన్ సైన్ అధ్యక్షుడయ్యాక రాజకీయ ఖైదీల విడుదల మొదలైంది. చైనా కడుతున్న మిత్‌సోన్ ఆనకట్టను 2011 సెప్టెంబరులో ఆపేశారు. చైనా పట్టు నుంచి కొంచెం జరగాలన్న కోరిక అందులో కనిపించింది. 2012 మేలో మన్మోహన్ సింగ్ వెళ్లారు. 1987లో రాజీవ్ గాంధీ తర్వాత భారత ప్రధాని అక్కడికి వెళ్లడం అదే మొదలు. ఆ నవంబరులో సూచీ వచ్చి, తాను చదివిన లేడీ శ్రీరామ్ కాలేజీకి వెళ్లారు. అనంతపురం జిల్లాలో మహిళా స్వయం సహాయక సంఘాల పనితీరు చూశారు. కష్టకాలంలో భారత్ తమకు దూరం జరిగిందన్న బాధను ఢిల్లీ ఉపన్యాసంలో దాచుకోలేదు. ఒప్పందాలు చాలా కుదిరాయి. రోడ్లు, వంతెనలు మాత్రం ఏళ్లకేళ్లు సాగాయి. ఆ ఆలస్యానికి తర్వాత పెద్ద మూల్యమే చెల్లించాం.

సూచీ అధికారంలోకి వచ్చాక భారత్ ప్రజాప్రభుత్వాన్నే నమ్ముకుందా?

లేదు, రెండు పడవలూ దగ్గర పెట్టుకుంది. 2008 రాజ్యాంగం ప్రకారం పార్లమెంటులో 25 శాతం స్థానాలు సైన్యానివే. రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాల శాఖలూ దానివే. అంటే మనకు అవసరమైన శాఖలు 2016 తర్వాత కూడా సైన్యం చేతిలోనే ఉన్నాయి. అందుకే సైన్యంతో ప్రత్యేక బంధం కొనసాగింది. విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డులో మరమ్మతు చేసిన సింధువీర్ జలాంతర్గామిని 2020లో మయన్మార్ నౌకాదళానికి ఇచ్చాం. వాళ్లకు అదే తొలి జలాంతర్గామి.

2017లో 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోతున్నప్పుడు మోదీ మయన్మార్ రాజధాని నేపీడాలో ఉన్నారు. అప్పటి సంయుక్త ప్రకటన ఉగ్రవాద దాడులను ఖండించింది గానీ ఆ జనం గురించి మాట్లాడలేదు.

## 2021 తిరుగుబాటు తర్వాత

2021 ఫిబ్రవరి 1 నాటి సైనిక తిరుగుబాటును భారత్ ఖండించిందా?

ఖండన అన్న మాట వాడలేదు. 'తీవ్ర ఆందోళన' వ్యక్తం చేసి, ప్రజాస్వామ్య ప్రక్రియను నిలబెట్టాలని కోరింది. 2020 నవంబరు ఎన్నికల్లో సూచీ పార్టీ 476 స్థానాల్లో 396 గెలిచింది. కొత్త పార్లమెంటు కూర్చోవాల్సిన ఉదయమే సైన్యాధిపతి జనరల్ మిన్ ఆంగ్ హ్లైంగ్ అందరినీ అరెస్టు చేయించారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 27న నేపీడాలో జరిగిన సైనిక దినోత్సవ కవాతుకు ప్రతినిధులను పంపిన 8 దేశాల్లో భారత్ ఒకటి. అదే రోజు దేశమంతటా వందమందికి పైగా నిరసనకారులు తూటాలకు బలయ్యారు. ఆ కవాతుకు మనం వెళ్లకుండా ఉండాల్సింది.

ఐక్యరాజ్య సమితిలో ఓటింగ్‌కు ఎందుకు దూరంగా ఉన్నాం?

2021 జూన్‌లో సర్వసభ్య సభ తీర్మానానికి 119 దేశాలు ఓటేశాయి, భారత్‌తో కలిపి 36 దూరంగా ఉన్నాయి. పొరుగు దేశాలతో చర్చించకుండా హడావుడిగా తెచ్చారన్నది మన వాదన. 2022 డిసెంబరులో భద్రతా మండలి తీర్మానం 2669 వచ్చినప్పుడు అధ్యక్ష స్థానంలో మనమే ఉన్నాం. అప్పుడూ చైనా, రష్యాలతో పాటు దూరంగా ఉన్నాం. చప్పుడు చేయని, ఓపికతో కూడిన దౌత్యం కావాలన్నారు మన ప్రతినిధి. తీర్మానం మాత్రం 12 ఓట్లతో నెగ్గింది.

మనం మయన్మార్ సైన్యానికి ఆయుధాలు అమ్ముతున్నామా?

తిరుగుబాటు తర్వాత భారత సంస్థల నుంచి 5.1 కోట్ల డాలర్ల విలువైన ఆయుధాలు, విడిభాగాలు, సంబంధిత సామగ్రి వెళ్లాయని ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ 2023 మేలో నివేదిక ఇచ్చారు. వాటిలో ప్రభుత్వ రంగ సంస్థలూ ఉన్నాయి. అదే నివేదికలో రష్యా వాటా 40.6 కోట్లు, చైనా వాటా 26.7 కోట్లు. మనది చిన్న మొత్తమే. ఆ సైన్యం సొంత ఊళ్ల మీద విమానాలతో బాంబులు వేస్తోంది. ఆ ఊళ్ల జనం పారిపోయి మన మిజోరం వస్తున్నారు. అలాంటప్పుడు ఎంత చిన్న మొత్తమైనా సమర్థించుకోలేం.

మనం తప్పుకుంటే ఆ చోటు చైనా ఆక్రమించుకోదా?

సైన్యంతో స్నేహాన్ని సమర్థించేవాళ్లు ముందుగా చెప్పేది ఇదే. చైనా అక్కడ నిజంగా ఏం చేస్తోందో చూస్తే ఈ వాదన నిలబడదు. క్యౌక్‌ఫ్యూ నుంచి యునాన్‌కు చమురు, గ్యాస్ పైపులైన్లు వేసుకున్న చైనా ఒక్క సైన్యాన్నే నమ్ముకోలేదు. తన సరిహద్దులోని సాయుధ సంస్థలన్నిటితోనూ దానికి సంబంధాలున్నాయి. 2023 అక్టోబరు 27న మూడు సాయుధ సంస్థల కూటమి షాన్ రాష్ట్రంలో దాడులు మొదలుపెట్టినప్పుడు చైనా చాలాకాలం అడ్డుపడలేదు. సైబర్ మోసాల ముఠాలను సైన్యం వదిలేసిందన్న కోపం దానికి ఉంది. 2024లో లాషియో నగరం తిరుగుబాటుదారుల చేతికి పోయాక, మరీ దూరం వెళ్లారనుకుని సరిహద్దు మూసి వాళ్ల మీద ఒత్తిడి తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆ నగరాన్ని తిరిగి సైన్యానికి ఇప్పించింది.

అంటే చైనా పలుకుబడి అందరితోనూ మాట్లాడగలగడం వల్ల వచ్చింది. మనం ఒక్కరితోనే మాట్లాడుతూ చైనాకు పోటీ ఇస్తున్నామనుకుంటే లెక్క కుదరదు.

సూచీ మద్దతుదారుల జాతీయ ఐక్యతా ప్రభుత్వాన్ని గుర్తించవచ్చు కదా?

అధికారికంగా గుర్తించడం ఇప్పట్లో జరగదు, జరగాలని నేనూ అనను. దాని ఆధీనంలో రాజధాని లేదు. సాయుధ సంస్థలన్నీ దాని మాట వినవు. గుర్తించకుండానే మాట్లాడటానికి, సరిహద్దు గుండా మందులూ ఆహారం పంపడానికి మాత్రం అడ్డేమీ లేదు.

## సరిహద్దు చేతులు మారాక

ఇప్పుడు మన సరిహద్దుకు అవతల ఎవరున్నారు?

చాలా చోట్ల సైన్యం లేదు. మిజోరంలోని జోఖావ్‌థార్ ఎదురుగా ఉన్న రిఖావ్‌దార్‌ను 2023 నవంబరులో చిన్ దళాలు పట్టుకున్నాయి. చిన్ రాష్ట్రంలోని పలెత్వాను 2024 జనవరిలో ఆరాకాన్ ఆర్మీ అనే రఖైన్ తిరుగుబాటు సంస్థ తీసుకుంది. ఆ దాడుల్లో ఓడిన వందల మంది మయన్మార్ సైనికులు మిజోరంలోకి పారిపోయి వస్తే, మనమే విమానాల్లో తిప్పి పంపాం. రఖైన్‌లో 17 టౌన్‌షిప్పులకు 14 ఆరాకాన్ ఆర్మీవి. ఉత్తరాన కచిన్ దళాలున్నాయి. మోరే ఎదురుగా ఉన్న తమూ వంటి కొన్ని పట్టణాలు మాత్రం సైన్యం దగ్గర మిగిలాయి.

1993 నాటి విధానానికి పునాది ఒక్కటే: సరిహద్దు ఎవరిదో వాళ్లతో మాట్లాడాలి. ఆ సూత్రాన్నే ఇవాళ పాటిస్తే మాట్లాడాల్సింది చిన్, ఆరాకాన్, కచిన్ సంస్థలతో. ఢిల్లీ ఈ సంగతి గ్రహించింది, కానీ అడుగులు నెమ్మదిగా పడుతున్నాయి.

కాలాదాన్ ప్రాజెక్టు ఎక్కడ ఆగిపోయింది?

రోడ్డు దగ్గర. కోల్‌కతా నుంచి సిత్వే రేవుకు సముద్రం మీద 539 కిలోమీటర్లు, అక్కడి నుంచి పలెత్వాకు కాలాదాన్ నదిలో 158 కిలోమీటర్లు, ఆపైన మిజోరంలోని జోరిన్‌పుయీకి దాదాపు 110 కిలోమీటర్ల రోడ్డు. సిలిగురి ఇరుకు దారి మీద ఆధారపడకుండా ఈశాన్యానికి సరుకు చేర్చాలన్నది ఉద్దేశం. సిత్వే రేవు 2023 మేలో మొదలైంది. రోడ్డు పూర్తికాకముందే యుద్ధం ముంచుకొచ్చింది. ఇప్పుడు సిత్వే పట్టణం సైన్యానిది, నదీ రోడ్డూ ఉన్న ప్రాంతం ఆరాకాన్ ఆర్మీది. ఇద్దరూ ఒప్పుకోకుండా ఒక్క లారీ కదలదు. 2011 నుంచి 2020 దాకా దొరికిన ప్రశాంత కాలంలోనే ఈ రోడ్డు వేసి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది.

ఆరాకాన్ ఆర్మీతో భారత్ మాట్లాడుతోందా?

బహిరంగంగా ఒప్పుకోదు. 2024 ఫిబ్రవరి చివర్లో మిజోరం రాజ్యసభ సభ్యుడు కె. వన్‌లాల్‌వేనా సరిహద్దు దాటి వెళ్లి కాలాదాన్ గురించి వాళ్లతో మాట్లాడారు. రఖైన్‌లో రోహింగ్యాల పట్ల ఆ సంస్థ ప్రవర్తన మీద తీవ్రమైన ఆరోపణలున్నాయి. మాట్లాడేటప్పుడు ఆ విషయమూ బల్ల మీద ఉండాలి.

మిజోరంలోకి వచ్చిన శరణార్థులను భారత్ ఎలా చూస్తోంది?

ఢిల్లీ ఒకలా చూసింది, ఐజ్వాల్ మరోలా చూసింది. 2021 మార్చి 10న కేంద్ర హోం శాఖ సరిహద్దు రాష్ట్రాలకు లేఖ రాసింది: రాకపోకలు ఆపండి, శరణార్థి హోదా ఇచ్చే అధికారం మీకు లేదు. అదే నెల 18న అప్పటి మిజోరం ముఖ్యమంత్రి జోరంతంగా ప్రధానికి ఉత్తరం రాశారు. అటువైపు వాళ్లు మా రక్తసంబంధీకులు, వాళ్ల కష్టం చూస్తూ ఊరుకోలేం అన్నది అందులోని సారం. 1966లో ఐజ్వాల్ మీద బాంబులు పడినప్పుడు మిజోలు చిన్ కొండల్లో తలదాచుకున్నారు. ఆ జ్ఞాపకం అక్కడ ఇంకా పచ్చిగానే ఉంది. చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్, ఊరి జనం బియ్యం పోగు చేశారు, ఇళ్లు కట్టారు, పిల్లల్ని బడుల్లో చేర్చారు. 30 వేల మందికి పైగా అలా బతుకుతున్నారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారి లాల్‌దుహోమా ముఖ్యమంత్రి అయ్యారు, ఈ వైఖరి మారలేదు.

మణిపుర్‌లో అందుకు భిన్నం. 2021 మార్చి చివర్లో శిబిరాలు తెరవొద్దు, తిండి పెట్టొద్దు అన్న అర్థంలో ఉత్తర్వు వచ్చింది. జనం మండిపడ్డాక దాన్ని వెనక్కి తీసుకున్నారు.

1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. కనక చట్టం దృష్టిలో వీళ్లు అక్రమంగా వచ్చిన విదేశీయులే. అయితే 2021 మేలో మణిపుర్ హైకోర్టు ఏడుగురు మయన్మార్ వాసులను ఢిల్లీలోని ఐక్యరాజ్య సమితి శరణార్థి కార్యాలయానికి వెళ్లనిచ్చింది. ప్రాణాపాయం ఉన్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదన్న సూత్రం రాజ్యాంగం 21వ అధికరణంలో ఇమిడి ఉందని ఆ తీర్పు చెప్పింది. మన న్యాయస్థానం చెప్పిన ఆ మాటనే ఢిల్లీ విధానంగా చేసుకోవాలని బలంగా కోరుకుంటున్నాను. ఒక పేద చిన్న రాష్ట్రం చేసి చూపించిన పని ఇంత పెద్ద దేశం చేయలేనిది కాదు.

స్వేచ్ఛా సంచార విధానం రద్దయిందా? కంచె వేస్తున్నారా?

2024 ఫిబ్రవరిలో హోం మంత్రి అమిత్ షా రెండూ ప్రకటించారు. 1968 ప్రాంతంలో 40 కిలోమీటర్ల దాకా వీసా లేకుండా తిరగనిచ్చేవారు. 2004లో దాన్ని 16 కిలోమీటర్లకు తగ్గించారు. మిజోరం, నాగాలాండ్ శాసనసభలు రద్దును వ్యతిరేకిస్తూ తీర్మానాలు చేశాయి. చివరికి 2024 డిసెంబరులో 10 కిలోమీటర్ల వరకు సరిహద్దు పాసుతో వెళ్లే పద్ధతి తెచ్చారు. కంచె పనులు మణిపుర్ వైపు సాగుతున్నాయి. కొండలూ వాగులూ ఉన్న ఆ నేల మీద మొత్తం సరిహద్దుకు కంచె పూర్తిచేయడం చాలా ఏళ్ల పని.

మణిపుర్ గొడవలకు మయన్మార్ నుంచి వచ్చినవాళ్లే కారణమా?

కాదు. 2023 మే 3న రగిలిన హింసకు మూలం మెయితీలు, కుకీ–జోల మధ్య భూమి, ఎస్టీ హోదా, రాజకీయ అధికారాల మీద సొంత తగాదా. అవతలి యుద్ధం వల్ల ఆయుధాలు, మాదకద్రవ్యాలు, భయం పెరిగాయి. నిప్పు మాత్రం ఇక్కడిదే.

మ్యావడీలో చిక్కుకున్న తెలుగు యువకులను తేవడానికి అంతకాలం ఎందుకు పట్టింది?

అక్కడ ఫోన్ చేయడానికి ప్రభుత్వమంటూ లేదు కాబట్టి. థాయ్‌లాండ్ సరిహద్దులోని మ్యావడీ పక్కన కేకే పార్క్, ష్వే కొక్కో లాంటి సైబర్ మోసాల కేంద్రాలున్నాయి. అక్కడ కరెన్ సాయుధ దళం ఒకటి పెత్తనం చేస్తుంది. పేరుకు అది సైన్యానికి అనుబంధం, ఆచరణలో సొంత రాజ్యం. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి బ్యాంకాక్ వెళ్లిన మన పిల్లల్ని నది దాటించి, పాస్‌పోర్టు లాక్కుని, ఆన్‌లైన్ మోసాలు చేయిస్తారు. వాళ్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లు చాలామంది.

మన దౌత్య కార్యాలయం నేపీడాకు చెప్పాలి, నేపీడా ఆ దళానికి చెప్పాలి, ఆ దళానికి ఆ కేంద్రాల అద్దెలే ఆదాయం. 2025 జనవరిలో ఒక చైనా నటుడి అపహరణ పెద్ద వార్త అయ్యాక చైనా ఒత్తిడి తెచ్చింది. ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ కరెంటు కోసేసింది. అప్పుడు కదిలింది వ్యవహారం. మార్చిలో వాయుసేన విమానాలు రెండు ట్రిప్పుల్లో 549 మంది భారతీయులను థాయ్‌లాండ్‌లోని మే సాట్ నుంచి తెచ్చాయి. అక్టోబరులో కేకే పార్క్ మీద దాడి తర్వాత, నవంబరులో మరికొన్ని వందల మంది వచ్చారు. కేంద్రంలో బలమైన ప్రభుత్వం కూలిన దేశంలో మన పౌరుణ్ని కాపాడుకోవడం ఎంత కష్టమో ఈ కుటుంబాలు అనుభవించాయి.

మయన్మార్ గొడవకూ మన మినపప్పు ధరకూ సంబంధం ఉందా?

ఉంది. మనం దిగుమతి చేసుకునే మినుముల్లో సింహభాగం మయన్మార్‌దే. తిరుగుబాటు జరిగిన నాలుగు నెలలకే, 2021 జూన్‌లో, ఆ ప్రభుత్వంతోనే ఐదేళ్ల అవగాహన కుదుర్చుకున్నాం: ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు. డాలర్లు దొరక్క ఇబ్బంది పడకుండా 2024లో రూపాయి–చాట్ (మయన్మార్ కరెన్సీ) చెల్లింపుల పద్ధతి పెట్టారు. 2017లో మనం హఠాత్తుగా పప్పుల దిగుమతికి పరిమితులు పెట్టినప్పుడు అక్కడి రైతులు కుదేలయ్యారు. కాబట్టి ఈ వ్యాపారాన్ని ఆపడం శిక్షగా పనిచేయదు, దెబ్బ తగిలేది రైతుకే.

## భూకంపం, ఎన్నికలు, ఆపైన

భూకంపం వచ్చినప్పుడు భారత్ సాయం సైన్యానికే చేరిందా?

2025 మార్చి 28న 7.7 తీవ్రతతో వచ్చిన భూకంపం మాండలే, సగైంగ్‌లను కూల్చేసింది. 3,500 మందికి పైగా పోయారు. మరునాటికే మన విమానం 15 టన్నుల సామగ్రితో యాంగూన్‌లో దిగింది. ఆపరేషన్ బ్రహ్మ పేరుతో విపత్తు దళం, మాండలేలో సైనిక ఆసుపత్రి వెళ్లాయి. గొప్పగా పనిచేశారు. సాయం సైనిక ప్రభుత్వం ద్వారా వెళ్లింది కనక తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న సగైంగ్ పల్లెలకు చేరడం కష్టమైంది. మణిపుర్ వైపు నుంచి కూడా ఒక దారి తెరిచి ఉండాల్సింది.

ఎన్నికలు జరిగాయి కదా, ఇక అంతా మామూలైనట్టేనా?

2025 డిసెంబరు 28న మొదలై 2026 జనవరిలో ముగిసిన ఎన్నికల్లో సైన్యం అండ ఉన్న యూఎస్‌డీపీ పార్టీ గెలిచింది. సూచీ పార్టీని 2023లోనే రద్దు చేశారు. యుద్ధం నడుస్తున్న చాలా టౌన్‌షిప్పుల్లో పోలింగే జరగలేదు. 2025 ఆగస్టులో తియాన్‌జిన్‌లో మిన్ ఆంగ్ హ్లైంగ్‌ను కలిసినప్పుడు ఎన్నికలు న్యాయంగా, అందరినీ కలుపుకుని జరగాలని మోదీ ఆశించారు. అలా జరగలేదు. ఢిల్లీకి ఈ ఎన్నికలు నేపీడాతో మళ్లీ మామూలుగా వ్యవహరించడానికి ఒక వీలు. కానీ రిఖావ్‌దార్‌లో, పలెత్వాలో జెండా మారలేదు. సరిహద్దు సమస్యలకు నేపీడాలో పరిష్కారం వెతికితే దొరకదు.

తెలుగు రాష్ట్రాల నుంచి ఈ విషయంలో చేయగలిగిందేమైనా ఉందా?

రెండు పనులు చేయొచ్చు. మొదటిది, థాయ్‌లాండ్, మయన్మార్, కంబోడియా, లావోస్ ఉద్యోగాల పేరుతో తిరిగే ఏజెంట్లకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడాలి. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగమంటే ఆ కుర్రాణ్ని అక్కడే ఆపాలి. రెండోది, మన ఎంపీలు పార్లమెంటులో మూడు ప్రశ్నలు అడగాలి: మిజోరంలోని శరణార్థుల ఖర్చులో కేంద్రం ఎంత భరిస్తోంది? తిరుగుబాటు తర్వాత మయన్మార్ సైన్యానికి ఎగుమతి అయిన సామగ్రి జాబితా ఏది? కాలాదాన్ రోడ్డు కోసం ఎవరెవరితో మాట్లాడుతున్నారు? విశాఖ నుంచి సిత్వే దాకా ఉన్న సముద్రం మనదీ వాళ్లదీ కూడా కాబట్టి, ఈ ప్రశ్నలు ఈశాన్య ఎంపీలకే వదిలేయాల్సినవి కావు.